దత్తత ఉత్తర్వు వచ్చింది, ఇక ఆ తరువాతి రెండేళ్ళు

ఒక సంక్రాంతి సెలవులలో మన పిల్లల ఓ.పి.కి అమెరికా నుండి వచ్చిన కొడుకూ కోడలూ, వాళ్ళ మూడేళ్ళ పాపా వచ్చారు. పాపకు దగ్గు. దత్తత బిడ్డ. కంకిపాడు నుండి తోడు వచ్చిన నాయనమ్మగారు మమ్మల్ని పక్కకు పిలిచి, "సిస్టరమ్మా, కలెక్టరు గారి ఉత్తర్వు వచ్చింది, బిడ్డ మా ఇంటిదైపోయింది. అయినా అక్కడ ఎవరో ఇంటికొచ్చి ఫొటోలు తీసి రాసుకుపోతున్నారంట. మా మీద అనుమానమా?" అని అడిగారు.

అనుమానం కాదమ్మా అన్నాము. తల్లీ తండ్రీ లేని ఎస్తేరును మొర్దెకై కుమార్తెగా పెంచుకున్నాడు గదా. ఆమె రాజు అంతఃపురానికి వెళ్ళాక కూడా, బిడ్డ ఎలా ఉందోనని ప్రతిరోజూ ఆ ముంగిట తిరిగేవాడు. పంపిన దేశం చేసేదీ అదే పని అన్నాము. ఆవిడ నవ్వారు గాని, పూర్తిగా ఒప్పుకున్నట్లు మాకు అనిపించలేదు.

ఈ కట్టుబాటు ఊరికే రాలేదు. విదేశాలకు దత్తత పేరుతో పిల్లల వ్యాపారం జరుగుతున్నదని లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది 1982లో సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాశారు. దానినే పిటిషనుగా తీసుకుని 1984లో జస్టిస్ భగవతి గారు తీర్పు చెప్పారు. వెళ్ళిన బిడ్డ బాగోగులు తెలిపే రిపోర్టులు పంపాలన్నది అప్పటి నుండే ఉంది. మన రాష్ట్రానికీ ఇది పరాయి సంగతి కాదు. తండాలలో పేద తల్లుల దగ్గర పసికందులను కొని విదేశాలకు పంపుతున్నారని 1999లోను, 2001లోను హైదరాబాదులో కొన్ని సంస్థల మీద కేసులు పెట్టారు. పిల్లల దత్తతపై హేగ్ ఒప్పందాన్ని మన దేశం 2003లో ఆమోదించింది. ఇప్పుడు అమలులో ఉన్నవి కేంద్ర దత్తత సంస్థ 'కారా' వారి 2022 నాటి నిబంధనలు. వాటి ప్రకారం బిడ్డ ఆ దేశం చేరిన నాటి నుండి మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి ఫొటోలతో సహా రిపోర్టు వెళ్ళాలి. ఇంటికి వచ్చి చూడనిస్తామని తల్లిదండ్రులు ముందే రాసిస్తారు. ఇల్లు మారినా, ఊరు మారినా ఆ సంస్థకు తెలియజేయాలి.

మన సంఘస్థులకు ఒక మాట. ఒకప్పుడు క్రైస్తవులకు దత్తత హక్కే ఉండేది కాదు. 1890 నాటి చట్టం కింద సంరక్షకులుగా మాత్రమే ఉండేవారు. బాలల న్యాయ చట్టం 2000లో వచ్చి, 2006లో సవరణ పొందాక ఏ మతం వారైనా కన్నబిడ్డతో సమానంగా దత్తత తీసుకోగలుగుతున్నారు. అంత కష్టపడి వచ్చిన హక్కు గనుక కాగితాల దగ్గర అశ్రద్ధ వద్దు.

ముఖ్యంగా పౌరసత్వం కాగితాలు. 1989లో ముంబై నుండి అమెరికాకు దత్తత వెళ్ళిన ఒక పాపకు పెద్దవాళ్ళెవరూ పౌరసత్వం తీసుకోలేదు. ఆమె పెరిగి, పెళ్ళాడి, ఇద్దరు పిల్లల తల్లి అయ్యాక ఒక కేసులో చిక్కుకుంటే, 2008లో భాష కూడా రాని మన దేశానికి తిప్పి పంపేశారు. అమెరికాలో 2001 ఫిబ్రవరి నుండి చాలామంది దత్తత పిల్లలకు పౌరసత్వం దానంతటదే వస్తున్నది. అయినా సర్టిఫికెట్ చేతికి వచ్చేవరకు వదలకండి. వేరే దేశమైతే అక్కడి పద్ధతి కనుక్కోండి.

ఇక ఆరోగ్యం. ఇది మా పని గనుక కొంచెం ఎక్కువ చెబుతాము. అక్కడికి చేరిన రెండు మూడు వారాలలోపు బిడ్డను పిల్లల డాక్టరుకు చూపించాలి. "ఇక్కడ అన్ని పరీక్షలూ అయ్యాయి గదా" అంటారు. అయినా మళ్ళీ చేయించాలి. రక్తహీనత, థైరాయిడ్, రక్తంలో సీసం, హెపటైటిస్ బి, సి, హెచ్.ఐ.వి., సిఫిలిస్, టి.బి., నులిపురుగులకు మల పరీక్ష. వీటిలో హెపటైటిస్ బి, హెచ్.ఐ.వి., టి.బి. పరీక్షలు కొన్ని నెలల తరువాత మరొకసారి అవసరం కావచ్చు, ఎందుకంటే ఈ మధ్యనే సోకినది మొదటి పరీక్షలో కనబడకపోవచ్చు. మన పిల్లల ఎడమ భుజాన బి.సి.జి. మచ్చ ఉంటుంది. చర్మం మీద చేసే టి.బి. పరీక్ష పొంగితే అది బి.సి.జి. వల్లనే అని ఇంట్లోవాళ్ళే తేల్చేయరాదు. రెండేళ్ళు దాటిన పిల్లలకు రక్తపరీక్ష ఉన్నది, అడగండి. మన సర్కారు టీకాలలో తట్టు, రుబెల్లా ఉన్నాయి గాని గవదబిళ్ళలు, ఆటలమ్మ లేవు. అక్కడి బడులు వాటిని అడుగుతాయి.

ఆ పాప విషయంలో కోడలమ్మాయికి బెంగ పుట్టించింది మాత్రం దగ్గు కాదు. పాప రాత్రిపూట బ్రెడ్డు ముక్కలు దిండు కింద దాచుకుంటున్నదట. పాల గ్లాసు చూస్తే మొహం తిప్పేస్తున్నదట. శిశుగృహంలో పెరిగిన పిల్లలలో ఇది మామూలే. తిట్టకూడదు, లాక్కోకూడదు. చేతికందేలా పళ్ళెంలో ఏదైనా పెట్టి ఉంచితే, తిండి ఎప్పుడూ దొరుకుతుందని నమ్మకం కుదిరాక దాచుకోవడం తగ్గుతుంది. బలవంతాన తాగించే పని అసలే వద్దు. 2016లో బీహార్ నుండి దత్తత వెళ్ళిన మూడేళ్ళ చిన్నారి మరుసటి ఏడాది టెక్సాస్‌లో చనిపోయింది. పాలు తాగిస్తుండగా జరిగిందని పెంపుడు తండ్రి పోలీసులకు చెప్పాడు. 2019లో అతనికి యావజ్జీవ శిక్ష పడింది. తల్లి అలసిపోయినా, తండ్రికి కోపం ఆగకపోయినా రిపోర్టు రాసేవారికి ఆ మాటే చెప్పండి. వారు కౌన్సెలింగ్ ఏర్పాటు చేయాలి. అంతా బాగుందని చెప్పి పంపేసే రిపోర్టు వల్ల బిడ్డకు ఒరిగేదేమీ లేదు.

ఆడపిల్లల తల్లులకు ఇంకొకటి. మన దేశం నుండి స్వీడన్‌కు దత్తత వెళ్ళిన అమ్మాయిలను అక్కడి డాక్టర్లు పరిశీలించి 1991లో ప్రచురించారు. వారిలో కొందరు ఏడెనిమిదేళ్ళకే రజస్వలయ్యారు. అందుచేత ఎత్తు, బరువు రాస్తూ ఉండండి. ఎనిమిదేళ్ళ లోపే శరీరంలో మార్పు కనిపిస్తే డాక్టరుకు చూపించండి.

నాయనమ్మగారు వెళ్ళబోతూ, "దత్తత సంగతి పాపకు చెప్పొద్దంటున్నా" అన్నారు. చెప్పాలమ్మా, చిన్నప్పుడే, కథలాగా, అన్నాము. పద్దెనిమిదేళ్ళు నిండాక తన పుట్టుపూర్వోత్తరాలు అడిగే హక్కు చట్టమే ఇచ్చింది. అప్పుడు పరాయివాళ్ళ నోట వినడం కంటే నాయనమ్మ నోట వినడం మేలు గదా. ఆవిడ ఏమీ అనలేదు. పాప మాత్రం ఆవిడ కొంగు వదలలేదు.

మన దగ్గర టీకాలు వేయించుకుని విదేశాలకు వెళ్ళబోతున్న పిల్లలకు కార్డు నకలు, ఎత్తు బరువుల చార్టు రికార్డు గదిలో ఇస్తారు. ప్రయాణం రోజు బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో పరుగెత్తుకు రాకుండా ఒక వారం ముందే వచ్చి తీసుకోండి.