గోదావరి వరదకు సాయం పంపేముందు: అపోహలు – వాస్తవాలు

జులై రాగానే భద్రాచలం దగ్గర గోదావరి ఎన్ని అడుగులుందో వార్తల్లో వినబడుతుంది. రాయ్‌పూర్‌ మోవా ప్రాంతంలో స్థిరపడిన తెలుగువాళ్ళకు అది దూరపు కబురేమీ కాదు. రాయ్‌పూర్ నుంచి జగదల్‌పూర్, కొంటా మీదుగా పోయే 30వ నంబరు జాతీయ రహదారి భద్రాచలం దాటి విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం దాకా వెళుతుంది. ఆ దారిలో వరదలో చిక్కుకున్నవాళ్ళకు ఏదైనా చేయాలని మనసు పీకుతుంది. చేయాలి కూడా. అయితే కొన్ని తప్పుడు నమ్మకాల వల్ల మన సాయం చేరాల్సిన చోటికి చేరకుండా పోతోంది.

అపోహ: ఛత్తీస్‌గఢ్‌లో ఎక్కడ గట్టి వాన కురిసినా గోదావరి పొంగుతుంది.

రాయ్‌పూర్‌లో పడిన వాన ఖారున్‌లోకి, అక్కణ్ణుంచి శివనాథ్‌లోకి, చివరికి మహానదిలోకి చేరి ఒడిశా వైపు పోతుంది. ఈ రాష్ట్రం నుంచి గోదావరిని పెంచేది బస్తర్‌ వాన. ఆ నీటిని ఇంద్రావతి, శబరి మోసుకొస్తాయి. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉంటే శబరి నీటికి దారి దొరకదు, ఎగపోటు వేస్తుంది. అందుకే ఊళ్ళో పెద్ద వాన లేకపోయినా చింతూరు, కొంటా ప్రాంతాల్లో ఇళ్ళు మునుగుతాయి. మరో సంగతి గుర్తుంచుకోండి. భద్రాచలం తెలంగాణలో, కూనవరం, చింతూరు ఆంధ్రప్రదేశ్‌లో, కొంటా ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నాయి. వరద ఒకటే అయినా సాయం చేయాల్సిన ప్రభుత్వాలు మూడు. ఒక రాష్ట్ర సహాయనిధికి ఇస్తే అందరికీ అందుతుందనుకోవద్దు.

అపోహ: ముందుగా పంపాల్సినవి బట్టలు.

2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో పాతబట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్నాయి. కట్టుకునేవాళ్ళు లేక, తీసేసే తీరిక ఎవరికీ లేక అవే ఒక బెడదయ్యాయి. పైగా శబరి ఎగపోటు వేసినప్పుడు కొంటా–చింతూరు రోడ్డే మునుగుతుంది. రాయ్‌పూర్ నుంచి బయల్దేరిన లారీ నీరు తీసేదాకా ఆగాల్సిందే. అదే డబ్బయితే ఆ పూటే అందుతుంది, దగ్గరి బజార్లోనే కావలసినవి కొనుక్కోవచ్చు. వస్తువులే పంపదలిస్తే ముందు అడిగి పంపండి. టార్పాలిన్లు, తాగునీరు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, శానిటరీ ప్యాడ్లు, టార్చిలైట్లు అక్కరకొస్తాయి. ప్యాడ్లు అడగడానికి ఆడవాళ్ళు మొహమాటపడతారు కాబట్టి అడగకపోయినా వాటిని చేర్చండి.

అపోహ: శవాల వల్ల అంటురోగాలు ప్రబలుతాయి.

ప్రకృతి విపత్తుల్లో ఇది జరగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. అసలు ముప్పు కలుషితమైన బావినీళ్ళు, అతిసారం, ఎలుకజ్వరం, పాముకాటు.

అపోహ: హెచ్చరించినా ఇల్లు కదలకపోవడం మొండితనం.

ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి, 48కి రెండో, 53కి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986 ఆగస్టులో నీళ్ళు 75.6 అడుగులు, 2022 జులై 16న 71.3 అడుగుల దాకా వచ్చాయి. ఆ అంకెలు ఏటి ఒడ్డువాళ్ళకు మనకంటే బాగా తెలుసు. అయినా గొడ్డూగోదా, ఇంట్లోని గింజలు, కోళ్ళు వదిలి ఎలా వెళతారు? శిబిరంలో మరుగుదొడ్డి లేకపోతే ఆడపిల్లలతో ఎలా ఉంటారు? మేత, పశువులకు మెరక మీద చోటు ఏర్పాటు చేస్తే మనుషులు తొందరగా కదులుతారు. అదీ సహాయమే.

అపోహ: ప్రభుత్వం నష్టపరిహారం ఇస్తుంది కదా, మనమెందుకు?

విపత్తు సహాయనిధి నిబంధనల్లోనే ఉంది: అది తక్షణ ఉపశమనమే, నష్టానికి పరిహారం కాదు. 2022–26 కాలానికి పెట్టిన లెక్క ప్రకారం మరణానికి 4 లక్షల రూపాయలు. పంట 33 శాతానికి పైగా పోతేనే సాయం. అదీ వర్షాధారానికి హెక్టారుకు 8,500, నీటిపారుదల పొలానికి 17,000 చొప్పున, రెండు హెక్టార్ల వరకే. పేరు మీద పట్టా లేని కౌలురైతుకు అదీ చేతికందడం కష్టం. పెట్టుబడి పెట్టింది అతను, అప్పు తీర్చాల్సిందీ అతనే. అలాంటివాళ్ళను వెతికి ఇవ్వడం మనలాంటివాళ్ళ పని.

అపోహ: నీరు తీసింది, గండం గడిచింది.

గోదావరి వరద కాకపోయినా, 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వాగు గండ్లు పూడ్చాక అక్కడి సింగ్‌నగర్ వైపు ఇళ్ళలో పేరుకున్న బురదను అగ్నిమాపక యంత్రాలతో కడగాల్సి వచ్చింది. అన్నం పొట్లాలు డ్రోన్లతో వేసిన రోజుల్ని అందరూ చూశారు. తర్వాత తడిసిన పరుపులు, పాడైన ఫ్రిజ్‌లు, కుట్టుమిషన్లు, ఆటోలు బాగుచేసుకోలేక పడిన అవస్థ మీద అంత చూపు పడలేదు. కింది అంతస్తు మునిగినవాళ్ళకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 25 వేలు ఇచ్చింది. కూలిపని చేసుకునే ఇంటికి అది ఎంతకని వస్తుంది? పల్లెల్లో అయితే బావిలో బ్లీచింగ్ చల్లాలి, తడిసిన ఆధార్, పాసుపుస్తకాలు మళ్ళీ తెచ్చుకోవాలి, పిల్లలకు పుస్తకాలు కొనాలి.

కాబట్టి ఈసారి చందాలు వసూలు చేసినప్పుడు సగం పక్కన పెట్టండి. వరద వార్తలు ఆగిన నెల తర్వాత మునిగిన ఊరి ఆశా కార్యకర్తకో, బడి ప్రధానోపాధ్యాయుడికో ఫోన్ చేసి ఏం కావాలో అడగండి. వాళ్ళు చెప్పినదానికే ఆ సగం ఖర్చు పెట్టండి.