గుట్టలపై పరుగు

సూర్యాపేటనుండి కోదాడకు గల దూరము 40 కిలోమీటర్లకు కొంచెము పైబడి యుండును. బస్సులో కూర్చున్నవారికి అది యొక కునుకుపాటు దారి. మారథాను అను పరుగుపందెపు దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు. అనగా సూర్యాపేటలో కాలు కదిపినవాడు కోదాడ దాపునకు చేరువఱకు నిలువక పరుగెత్తవలయు నన్నమాట. 1908వ సంవత్సరమున లండను ఒలింపిక్ క్రీడలలో ఈ దూరము మొదట పరుగెత్తబడెను. 1921లో ఇదియే నియతమైన కొలతగా స్థిరపడెను.

ఇట్టి పందెమునకు సిద్ధపడువారు చదును బాటలను విడిచి రాళ్లగుట్టల నేల నెక్కవలెనని చదువరు లడుగవచ్చును. న్యూజీలాండు దేశమున ఆర్థరు లిడియార్డు అను శిక్షకు డుండెను. ఆయన తన శిష్యులను ఆక్లండు నగర సమీపముననున్న వైటాకెరె కొండలలో, ఆదివారమున 22 మైళ్ల చుట్టుదారిని పరుగెత్తించెడివాడు. ఆ శిష్యులలో పీటరు స్నెల్లు అనువాని పందెము 800 మీటర్లు మాత్రమే! రెండు నిమిషములైన పట్టని పందెమునకు కొండలలో ఇంత దూర మేల యని నవ్వినవారు లేకపోలేదు. 1960లో రోము ఒలింపిక్ క్రీడలయందు స్నెల్లు 800 మీటర్లలోను, హాల్బర్గు 5000 మీటర్లలోను ఒక్క దినముననే స్వర్ణపతకములు గెలిచిరి. మఱికొన్ని దినములకు మాగీ యను మఱియొక శిష్యుడు మారథానులో మూడవవాడై వచ్చెను.

గుట్ట నెక్కునపుడు మన వేగము తగ్గును గాని గుండెయు ఊపిరితిత్తులును అధికముగా పనిచేయును. పిక్కలు, పిఱుదుల కండరములు దేహభారమును పైకెత్తవలసియుండును. అడుగు నేలను తాకు దెబ్బ మాత్రము చదునున కంటె తక్కువ. కావున కీళ్లను బాధింపకయే గుండెకు సాము చేయించు ఉపాయ మిది.

అయినను గుట్ట నేర్పు అసలు పాఠము దిగుటలో నున్నది. నిండు కడవను చేంతాటితో బావిలోనికి మెల్లగా దింపువాని చేతులను చూడుడు. తాడు జారుచునే యుండును, పట్టు సడలరాదు. దిగుబాటున మన తొడల ముందటి కండరములు అట్లే సాగుచునే భారమును ఆపవలయును. ఈ పనివలన కండరపు పోగులలో సూక్ష్మమైన చీలికలు కలుగును. నొప్పి ఆ దినమున తెలియదు. రెండవ, మూడవ దినమున మెట్లు దిగబోయినపుడు తెలియును. చిత్రమేమనగా, అదే దిగుబాటును కొన్ని దినముల తరువాత మరల పరుగెత్తినచో నొప్పి మిక్కిలి తక్కువగా నుండును. ఆ రక్షణ కొన్ని వారములవఱకు నిలుచును. మారథాను కడపటి మైళ్లలో తొడలు కొయ్యబారుట పెక్కుమంది యెఱుగుదురు. దిగుబాట్లకు అలవడిన కాళ్లు ఆ బాధను మేలుగా తట్టుకొనును. అందుచే మొదటిదినముననే గుట్టదిగువకు దూకుచు పరుగెత్తుట తగదు. చిన్నచిన్న అడుగులు వేయుచు, మోకాళ్లను కొంచెము వంచి, చూపును నాలుగైదడుగుల ముందుంచి దిగవలయును.

మన ప్రాంతమున ఇందుకు తగిన చోటు ఉండ్రుగొండ. సూర్యాపేటకు సమీపమున, చివ్వెంల మండలమున ఉన్న ఈ గుట్టలలో పాత కోటగోడలును, లక్ష్మీనరసింహస్వామి ఆలయమును గలవు. భక్తులు నడచుచోట పరుగువారే ప్రక్కకు తొలగుట మర్యాద. మిర్యాలగూడ బాలుర సంగతి వేఱు. నాగార్జునసాగరు ఎడమకాలువ ఆయకట్టున వారికి కనుచూపుమేర చదునైన వరిపొలములే. కాలువగట్టుపై ఓపిక పెంచుకొనవచ్చును గాని దిగుబాటు దొరకదు. అట్టివారు నెలకు రెండుమారులైనను గుట్టలకు వచ్చుట మేలు.

పోలీసు ఉద్యోగములకును, సైన్యమునకును సిద్ధపడు యువకులు తెల్లవాఱకమునుపే హైదరాబాదు–విజయవాడ రహదారి అంచున పరుగెత్తుట మనమందఱము చూచుచున్నదే. చీకటిలో లారీల నడుమ ఆ పరుగు ప్రాణాపాయకరము. వారు పరుగెత్తవలసిన 1600 మీటర్లకు రహదారియే కావలయునా? పాఠశాల మైదానమును, డొంకబాటయు చాలును. తలిదండ్రు లీవిషయమున కొంచెము గట్టిగానే చెప్పవలయునని నా యభిప్రాయము.

గుట్టపై కిలోమీటర్ల లెక్క పనికిరాదు, నిమిషముల లెక్కయే తగును. ప్రక్కవానితో మాటలాడుటకు ఊపిరి చాలునంత మెల్లగా పోవలయును, చాలనిచో నడువుడు. కొండపందెములలో పేరుపొందినవారు సైతము నిటారు చోట్ల నడచుచునే యుందురు. మారథాను పందెములలో సాధారణముగా 18 ఏండ్లు నిండనివారిని చేర్చుకొనరు. మన విద్యార్థులకు వారమున కొకమారు అరగంట గుట్టపరుగు చాలును. ఒంటరిగా పోరాదు, పోవుచోటు ఇంట చెప్పి పోవలయును.

ఎండను గూర్చి విశేషముగా చెప్పవలసియున్నది. మన జిల్లాలలో వేసవియందు ఎండ 40 డిగ్రీలు దాటును. చెమట ఆఱునపుడే దేహము చల్లబడును. గాలిలో తేమ యధికమైనచో చెమట కాఱునే గాని ఆఱదు. ఎండకు దేహ మలవడుటకు ఇంచుమించు రెండువారములు పట్టును. దాహమైనపుడు నీరు త్రాగవలయును గాని, భయముచే కడుపునిండ నీరే త్రాగుచుండుటయు ప్రమాదమే. రక్తమున ఉప్పు పలుచబడి తెలివి తప్పుట గలదు. ఎండలో పరుగెత్తువాడు తడబడి, పొంతనలేని మాటలాడినచో వెంటనే నీడకు చేర్చి, ఒడలంతయు నీటితో తడిపి విసరుచు, వైద్యునికొఱకు పంపవలయును. వైద్యుడు వచ్చువఱకు చల్లబఱచుట మానరాదు.

చెప్పులు, బూట్లు లేవని వెనుకాడు బాలురు గలరు. రోములో 1960వ సంవత్సరపు మారథానును ఇథియోపియా వీరుడు అబెబె బికిలా వట్టికాళ్లతోనే గెలిచెను. 1978లో జాలంధరమున 2 గంటల 12 నిమిషములలో మారథాను ముగించిన మన శివనాథసింగును వట్టికాళ్ల పరుగునకు పేరుపడినవాడే. అయినను వారి కాళ్లు బాల్యమునుండి అలవడినవి. మన గుట్టలమీద మొరము, పల్లేరుకాయలు, గాజుపెంకులు నుండును. అడుగు మందముగానుండి పట్టు గల మామూలు కాన్వాసు బూట్లు చాలును, వెల యెక్కువవి అక్కఱలేదు. వానాకాలమున పరుపుబండలపై నాచు పట్టియుండును. ఆ నెలలలో బండమీద పరుగు మాని మట్టిబాటనే పోవుడు. పొదలప్రక్క అడుగు పెట్టుటకుముందు పామును గూర్చి యొక చూపు చూడుడు.