నాణెం మ్యాజిక్‌కు పది బిళ్లే మేలు

యాచారం: స్కూల్ ఫంక్షన్‌లో నాణెం మాయం చేసి చూపించాలనుకునే పిల్లలు ముందుగా చూసుకోవాల్సింది బిళ్ల సైజు. విదేశీ మెజీషియన్లు ఎక్కువగా వాడే అమెరికా హాఫ్ డాలర్ వెడల్పు 30.6 మి.మీ. మన దగ్గర అది బయటికి తీస్తే "ఇదేం బిళ్ల?" అని జనానికి ముందే అనుమానం వస్తుంది. 2019 సిరీస్ రూపాయి బిళ్ల 20 మి.మీ. మాత్రమే. వెనక కూర్చున్నోళ్లకు కనపడదు, అరచేతిలో సరిగా నిలవదు. అందుకే 27 మి.మీ. ఉండే పది రూపాయల బిళ్ల నయం.

పరీక్ష తేలికే. బిళ్లను అరచేతి మధ్యలో పెట్టి, బొటనవేలి కింది కండతో కొద్దిగా నొక్కి, చేయి బోర్లించాలి. బిళ్ల పడకుండా వేళ్లు మామూలుగా కదిలితే అదే మీ సైజు. చేయి చిన్నదైతే 25 మి.మీ. ఉండే కొత్త ఐదు రూపాయల బిళ్లతో మొదలుపెట్టొచ్చు.

పది బిళ్ల చెల్లదని కొందరు దుకాణాల్లో తీసుకోరు. కానీ 14 డిజైన్లూ చెల్లుతాయని ఆర్‌బీఐ 2018లోనే స్పష్టం చేసింది. మ్యాజిక్ అయ్యాక ఖర్చు పెట్టుకోవచ్చు.