జంతువుల వర్గీకరణ

భూమిపై నివసించే జంతువులను వాటి మధ్య గల పోలికలు, భేదాలు, వంశ సంబంధాల ఆధారంగా సమూహాలుగా విభజించి, ఒక క్రమంలో అమర్చడాన్ని జంతువుల వర్గీకరణ అంటారు. దీనికి సంబంధించిన సూత్రాలను వివరించే శాస్త్రం వర్గీకరణ శాస్త్రం. ఇప్పటివరకు సుమారు 15 లక్షల జంతు జాతులకు శాస్త్రీయ నామాలు ఇవ్వబడినవి. వీటిలో సుమారు 10 లక్షలు కీటకాలే.

ఆవశ్యకత

వాడుక పేర్లు జంతువుల మధ్య గల సంబంధాలను సరిగా తెలుపవు. నక్షత్రచేప, జెల్లీచేప అనే పేర్లు ఉన్నప్పటికీ ఆ రెండూ చేపలు కావు. వాటికి వెన్నెముకయే లేదు. చిరుత అనే మాటను కొందరు చిరుతపులికి, మరికొందరు చీతాకు కూడా వాడతారు. ఇవి రెండూ పిల్లి కుటుంబానికి చెందినవే అయినా వేర్వేరు ప్రజాతులలోనివి. శాస్త్రీయ నామాలైన పాంథెరా పార్డస్, అసినోనిక్స్ జుబేటస్ అని చెప్పినప్పుడు ఏ దేశపు పాఠకునికైనా సందేహం కలుగదు.

వర్గీకరణ స్థాయులు

ముఖ్యమైన స్థాయులు ఏడు. పై స్థాయి సమూహంలో క్రింది స్థాయి సమూహాలు ఇమిడి ఉంటాయి. క్రిందికి వచ్చే కొలదీ సభ్యుల సంఖ్య తగ్గి, వాటి మధ్య పోలికలు పెరుగుతాయి. ఉదాహరణకు నీలి తిమింగలం వర్గీకరణ ఈ విధంగా ఉంటుంది.

రాజ్యం: అనిమేలియా (జంతువులు)
వర్గం: కార్డేటా
తరగతి: మమేలియా (క్షీరదాలు)
క్రమం: ఆర్టియోడాక్టైలా
కుటుంబం: బెలీనాప్టెరిడే
ప్రజాతి: బెలీనాప్టెరా
జాతి: బెలీనాప్టెరా మస్కులస్

అవసరాన్ని బట్టి ఉపవర్గం, ఉపతరగతి, అధికుటుంబం వంటి మధ్య స్థాయులను కూడా ఉపయోగిస్తారు.

చరిత్ర

గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) జంతువులను ఎర్రని రక్తం గలవి, లేనివి అని రెండుగా విభజించాడు. డాల్ఫిన్లు గాలి పీల్చి, పిల్లలను కని పాలిస్తాయని గమనించి వాటిని చేపల నుండి వేరు చేశాడు.

ఆధునిక వర్గీకరణకు పునాది వేసినవాడు స్వీడన్ దేశస్థుడైన కరోలస్ లిన్నేయస్ (1707–1778). ఇతడు సిస్టమా నేచురే అనే గ్రంథాన్ని 1735లో ప్రచురించాడు. 1758లో వెలువడిన దాని పదవ కూర్పులో జంతువులన్నిటికీ ద్వినామ నామకరణ పద్ధతిని పాటించాడు. ఈ పద్ధతిలో మొదటి పదం ప్రజాతిని, రెండవ పదం జాతిని సూచిస్తుంది. అందువలన జంతువుల శాస్త్రీయ నామాలకు 1758 జనవరి 1ని ఆరంభ తేదీగా పరిగణిస్తారు.

లిన్నేయస్ కాలంలో వర్గీకరణకు పోలికలే ఆధారం. 1859లో ఛార్లెస్ డార్విన్ జాతుల ఉత్పత్తి గురించి తన గ్రంథంలో వివరించిన తరువాత, ఆ పోలికలకు కారణం ఉమ్మడి పూర్వీకులేనని స్పష్టమైంది. 1950లో జర్మనీ కీటక శాస్త్రవేత్త విల్లీ హెన్నిగ్, ఒకే పూర్వీకుని నుండి వచ్చిన సంతతి మొత్తాన్ని ఒకే సమూహంగా గుర్తించాలని ప్రతిపాదించాడు. ఈ సూత్రం ప్రకారం పక్షులు కూడా డైనోసార్ల వంశంలోనివే.

వర్గీకరణకు ఆధారాలు

పోలికలన్నీ బంధుత్వానికి సాక్ష్యం కావు. మానవుని చేయి, గబ్బిలం రెక్క, తిమింగలం తెడ్డు వేర్వేరు పనులు చేసినా వాటిలోని ఎముకల అమరిక ఒక్కటే. ఇటువంటి వాటిని నిర్మాణ సామ్య అవయవాలు అంటారు. ఇవి ఉమ్మడి వంశాన్ని సూచిస్తాయి. గబ్బిలం రెక్క, సీతాకోకచిలుక రెక్క ఒకే పని చేసినా వాటి నిర్మాణం వేరు. ఇవి క్రియాసామ్య అవయవాలు. వీటి ఆధారంగా ఆ రెండు జంతువులను ఒకే సమూహంలో చేర్చడం తప్పు. అవయవ నిర్మాణంతో పాటు పిండాభివృద్ధి, శిలాజాలు, డీఎన్ఏ క్రమాలను కూడా శాస్త్రవేత్తలు పరిశీలిస్తారు.

తిమింగలం స్థానం

ఆధారాలు పెరిగే కొలదీ వర్గీకరణ ఎలా మారుతుందో తెలుసుకొనడానికి తిమింగలం మంచి ఉదాహరణ. లిన్నేయస్ 1735లో తిమింగలాలను చేపలలో చేర్చాడు. 1758లో తానే వాటిని క్షీరదాలలోకి మార్చాడు. తరువాత చాలా కాలం అవి సిటేషియా అనే ప్రత్యేక క్రమంగా ఉన్నవి. 1990లలో జరిగిన డీఎన్ఏ పరిశోధనలు, జీవించి ఉన్న జంతువులలో తిమింగలాలకు అతి దగ్గరి బంధువు నీటిగుర్రమని తెలిపాయి. 2001లో ప్రకటించబడిన పాకిస్తాన్ శిలాజాలలో, ఆదిమ తిమింగలాల చీలమండ ఎముక మేక, జింక వంటి సరిసంఖ్య గిట్టలు గల జంతువుల ఎముకను పోలి ఉన్నది.

మరొక ఆధారం భారతదేశంలో లభించింది. భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు జమ్ము కాశ్మీరులోని కాలాకోట్ ప్రాంతంలో సేకరించిన శిలలలో ఇండోహ్యస్ అనే చిన్న గిట్టల జంతువు ఎముకలు ఉన్నవి. ఇది సుమారు 4.8 కోట్ల సంవత్సరాల క్రితం జీవించింది. అమెరికా శాస్త్రవేత్త థెవిస్సెన్, ఆయన సహచరులు వీటిని పరిశీలించి, దీని చెవి ఎముకలో తిమింగలాలకు ప్రత్యేకమైన మందపాటి భాగం ఉన్నదని 2007లో ప్రకటించారు. ఈ ఆధారాల వలన తిమింగలాలను నేడు గిట్టల జంతువుల క్రమమైన ఆర్టియోడాక్టైలాలోనే చేరుస్తున్నారు.

జాతి నిర్ణయంలో ఇబ్బందులు

తమలో తాము సంపర్కం జరిపి, ఫలవంతమైన సంతానాన్ని పొందగలిగి, ఇతర సమూహాల నుండి ప్రజనన రీత్యా వేరుగా ఉండే జీవుల సమూహమే జాతి అని ఎర్నెస్ట్ మేయర్ 1942లో నిర్వచించాడు. అయితే శిలాజాలకు, లైంగిక ప్రజననం లేని జీవులకు ఈ నిర్వచనం వర్తించదు. అందువలన ఒక సమూహం ప్రత్యేక జాతియా కాదా అనే విషయంలో శాస్త్రవేత్తల మధ్య భిన్నాభిప్రాయాలు కలుగుతుంటాయి.

ప్రయోజనాలు

ఈ నిర్ణయాల ప్రభావం ప్రజారోగ్యంపై, వన్యప్రాణి సంరక్షణపై కూడా ఉంటుంది. భారతదేశంలో గ్రామీణ ప్రాంతాలలో మలేరియాను వ్యాపింపజేసే ముఖ్యమైన దోమ అనాఫిలిస్ క్యులిసిఫేసీస్. చూడటానికి ఒకే విధంగా ఉన్నా ఇందులో ఎ, బి, సి, డి, ఇ అనే ఐదు సోదర జాతులున్నవని క్రోమోజోముల పరిశీలన వంటి పద్ధతుల ద్వారా తెలిసింది. వీటిలో బి జాతికి మలేరియా వ్యాప్తిలో పాత్ర చాలా తక్కువ. కనుక ఒక ప్రాంతంలో ఏ జాతి ఉన్నదో తెలియకుండా దోమల సంఖ్యను మాత్రమే లెక్కించినచో ప్రమాదాన్ని సరిగా అంచనా వేయలేము.

ఆఫ్రికా ఏనుగులను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం చాలా కాలం ఒకే జాతిగా లెక్కించింది. 2021లో వాటిని గడ్డిమైదానపు ఏనుగు, అడవి ఏనుగు అనే రెండు జాతులుగా విడివిడిగా అంచనా వేసింది. అప్పుడు అడవి ఏనుగుల సంఖ్య 31 సంవత్సరాలలో 86 శాతానికి పైగా తగ్గినట్లు వెల్లడైంది. గడ్డిమైదానపు ఏనుగును ప్రమాదంలో ఉన్న జాతిగాను, అడవి ఏనుగును అంతకంటే తీవ్రమైన ప్రమాదంలో ఉన్న జాతిగాను ఆ సంఘం గుర్తించింది. రెండింటినీ కలిపి లెక్కించినంత కాలం అడవి ఏనుగుల దుస్థితి విడిగా నమోదు కాలేదు.