చేతులు పగిలేది చలికా, నీళ్లకా?

చలికాలం వస్తే చేతులు పగలడం మామూలేనని అందరం ఒప్పేసుకున్నాం. గీకితే తెల్లగీత పడే చర్మం, గోటి పక్కన లేచే తోలు పోగులు, వేలి కణుపుల మీద సన్నటి చీలికలు, అన్నిటినీ చలి ఖాతాలో రాసేసి ఒక క్రీము డబ్బా కొనుక్కుని ఊరుకుంటాం. కానీ ఒకే ఇంట్లో ఉండే నలుగురి చేతులూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ లెక్క కుదరదు. అంట్లు తోమి, బట్టలు జాడించి, ఇల్లు తుడిచే మనిషి చేతులు ఒకలా ఉంటాయి, కుర్చీలో కూర్చుని పేపరు తిరగేసే మనిషి చేతులు మరోలా ఉంటాయి. చలి మాత్రం ఇద్దరికీ ఒక్కటే. చలిగాలి చర్మాన్ని బలహీనపరుస్తుంది, కాదనలేం. అయితే దాన్ని పగలగొట్టే పని ఎక్కువగా చేసేవి నీళ్లూ సబ్బూ. రోజులో ఎన్నిసార్లు తడిశాయి, ఎన్నిసార్లు ఆరాయి అన్నదాన్ని బట్టే చేతుల గతి ఉంటుంది.

మనకు పడే చలి ఏపాటిది, కశ్మీరులో లాగా మంచు కురుస్తుందా అని కొందరంటారు. లంబసింగి, ఆదిలాబాద్ లాంటి చోట్లు తప్పిస్తే మన చలి తీవ్రమైనది కాదు, నిజమే. కానీ చర్మానికి కావలసిన లెక్క చలిది కాదు, గాలిలోని తేమది. 10 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 9 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే పట్టుకోగలదు. 28 డిగ్రీల దగ్గర 27 గ్రాముల దాకా పట్టుకుంటుంది. తెల్లవారుజామున పొగమంచుతో నిండుగా ఉన్న గాలే మధ్యాహ్నానికి ఎండలో వేడెక్కితే, అందులో ఉన్న తేమ అది పట్టగలిగిన దానిలో మూడో వంతే అవుతుంది. మిగిలిన రెండు వంతుల దాహాన్నీ ఆ గాలి ఎక్కడో ఒకచోట తీర్చుకోవాలి. అందుకే పొద్దున వణికించిన చలి కంటే హాయిగా అనిపించే మధ్యాహ్నపు పొడిగాలే చేతులకు ఎక్కువ చేటు చేస్తుంది. సముద్రపు గాలి తగిలే కాకినాడ, మచిలీపట్నాల కంటే తెలంగాణ, రాయలసీమ ఊళ్లలో ఈ బాధ ఎక్కువ కావడానికి కారణం ఇదే.

ఇక నీళ్ల సంగతి. చర్మపు పైపొరలో మృతకణాల మధ్య కొన్ని కొవ్వు పదార్థాలు ఉండి లోపలి తేమను బయటికి పోనివ్వకుండా కాస్తాయి. సబ్బు జిడ్డును వదిలిస్తుంది, అదే దాని పని. కానీ గిన్నె జిడ్డుకూ మన చర్మపు కొవ్వుకూ దానికి తేడా తెలియదు. పైగా చర్మం సహజంగా కొద్దిగా ఆమ్లగుణం కలది, దాని పీహెచ్ 5 చుట్టూ ఉంటుంది. మామూలు సబ్బుది 9 నుంచి 10. నీళ్లు వేడిగా ఉంటే కొవ్వు ఇంకా సులువుగా పోతుంది, చలికాలంలో మనం పెట్టుకునేవీ వేడినీళ్లే. ఒంట్లో మిగతాచోట్ల వెంట్రుకల కుదుళ్ల దగ్గర ఉండే గ్రంథులు నూనె స్రవించి ఈ నష్టాన్ని కొంత పూడుస్తాయి. అరచేతిలో ఆ గ్రంథులే లేవు. అరచేతికి మందపాటి తోలైనా ఉంది, మండ పైభాగానికి అదీ తక్కువే. జర్మనీలో కార్మికుల రక్షణ నియమాలు ‘తడిపని’ అంటే ఏమిటో చాలా ఏళ్ల పాటు ఇలా కచ్చితంగా చెప్పాయి. ఒక పనిపూటలో 2 గంటలకు మించి చేతులు తడిలో ఉన్నా, రోజుకు 20 సార్లకు మించి బాగా కడగాల్సి వచ్చినా అది చర్మానికి ముప్పున్న పనేనట. ఆ కొలతతో చూస్తే టీ హోటల్లో గ్లాసులు కడిగే కుర్రాడూ, నాలుగిళ్లలో పనిచేసే పనమ్మాయీ, నర్సూ మాత్రమే కాదు, చంటిపిల్లలున్న ప్రతి తల్లీ ఆ జాబితాలోకి వస్తుంది.

కారణం ఇదైతే మందు గురించి మనం వేసుకునే ప్రశ్న కూడా మారాలి. ఏ క్రీము మంచిదన్న దానికంటే అది ఎప్పుడు రాస్తున్నామన్నది ముఖ్యం. చేతులు కడిగి, గుడ్డతో అద్దుకుని, చెమ్మ పూర్తిగా ఆరకముందే రాయాలి. అప్పుడే తేమ లోపల ఉండిపోతుంది. పొద్దంతా ఎండబెట్టుకుని రాత్రి పడుకోబోతూ ఒక్కసారి దట్టంగా పులుముకుంటే సగం ఫలితమే. ఖరీదు గురించి బెంగ అక్కర్లేదు. పెట్రోలియం జెల్లీకి 1872లోనే అమెరికాలో పేటెంటు ఇచ్చారు, తేమను ఆపడంలో నేటికీ దాన్ని మించినవి అరుదు. మన కొబ్బరినూనె కూడా తీసిపోయేది కాదు. 2004లో ప్రచురితమైన ఒక పరీక్షలో, చర్మం పొడిబారిన 34 మందికి రెండు వారాల పాటు కొందరికి కొబ్బరినూనె, కొందరికి మినరల్ ఆయిల్ రాయించి చూస్తే రెండూ సమానంగా పనిచేశాయి. చిన్న పరీక్షే, అయినా పెద్దవాళ్ల అలవాటును కొట్టిపారేయలేమని చెప్పడానికి చాలు. 24 డిగ్రీల కిందికి దిగితే కొబ్బరినూనె గడ్డకడుతుంది, సీసాను కాసేపు ఎండలో పెట్టుకోవడం ఒక్కటే ఇబ్బంది. నిమ్మచెక్కకు పంచదార అద్ది చేతులు రుద్దే చిట్కాను మాత్రం, పగుళ్లు ఉన్నంతకాలం, దయచేసి మరిచిపోండి.

నూనె చేతులతో పిండి కలిపేదెలా, కూర తరిగేదెలా అని వంటింట్లో ఉన్నవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కడిగిన ప్రతిసారీ రాయనక్కర్లేదు. అంట్లు ముగించాక, బట్టలు ఆరేశాక, పడుకునే ముందు, అలా తడిపని ఒక విడత ముగిసిన చోట రాస్తే చాలు. ఆసుపత్రిలాంటి చోట పదేపదే చేతులు శుభ్రం చేసుకోవాల్సిన వాళ్లు, మురికి కంటికి కనబడనప్పుడు సబ్బుకు బదులు శానిటైజర్ వాడటం మేలు. పగుళ్ల మీద పడితే మండుతుంది కనుక అదే చర్మాన్ని పాడుచేస్తోందని అనుకుంటాం. కానీ అది చర్మపు కొవ్వును సబ్బూ నీళ్లూ కలిసి లాగేసినంతగా లాగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన శానిటైజర్ తయారీలో 1.45 శాతం గ్లిజరిన్ ఉండేది చర్మాన్ని కాపాడటానికే.

గోళ్ల కథా ఇదే, కాకపోతే మరికాస్త మొండిది. గోరు రాయిలా గట్టిగా కనిపించినా నీటిని ఇట్టే పీల్చి ఉబ్బుతుంది, ఆరాక మళ్లీ ముడుచుకుంటుంది. రోజుకు ఇరవైసార్లు ఇలా జరిగితే, తడిసి ఎండిన ప్లైవుడ్డు లేచినట్టు గోటి కొస పొరలు పొరలుగా చీలుతుంది. గోటికీ చర్మానికీ మధ్య సీలులా ఉండే సన్నటి తోలు నీళ్లలో నాని ఊడితే, ఆ సందులోంచి సబ్బూ సూక్ష్మజీవులూ దూరతాయి. అదే గోరుచుట్టు. దాని మీద రోకలిపోటు సామెతలోనే ఉంది గానీ, నెలల తరబడి వదలని గోరుచుట్టుకు రోజూ పడే నీటిపోటు చాలు. ఈ మొండి రకాన్ని ఒకప్పుడు శిలీంధ్రం వల్ల వచ్చే జబ్బనుకునేవారు. ఇప్పుడు చర్మవైద్యులు ఎక్కువగా దీన్ని తడి, సబ్బుల వల్ల వచ్చే మంటగానే చూస్తున్నారు. చేతులు తడవడం తగ్గనిదే ఏ పూతమందూ పూర్తిగా పనిచేయదు. బ్యూటీపార్లర్‌లో ఆ తోలును కత్తిరించి ‘శుభ్రం’ చేయించుకోవడం డబ్బిచ్చి తలుపు తీయించుకోవడమే.

లోపలికి సరైన తిండి లేకుండా పైపూతలు ఏం చేస్తాయన్నది మరో అభ్యంతరం. ఇందులో సగం నిజముంది. రక్తహీనత ఉంటే గోళ్లు పెళుసవుతాయి, ముదిరితే చెంచాలా గుంటపడతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి చలి పోయినా గోళ్లు బాగుపడకపోతే రక్తపరీక్ష చేయించుకోవాల్సిందే. కానీ గోటి మీద తెల్లమచ్చ కనబడగానే కాల్షియం తగ్గిందనుకోవడంలో అర్థం లేదు. ఆ మచ్చ చాలావరకు గోటి మొదట్లో ఎప్పుడో తగిలిన చిన్న దెబ్బ గుర్తు. గోటికి గట్టిదనం ఇచ్చేది కెరాటిన్ అనే మాంసకృత్తి, కాల్షియం కాదు. బయోటిన్ మాత్రల సంగతి మరీ జాగ్రత్త. లోపం లేనివారికి అవి మేలు చేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు సరికదా, ఎక్కువ మోతాదులో వాడితే థైరాయిడ్, గుండెపోటు రక్తపరీక్షల ఫలితాలు తప్పుగా రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది.

మన నాయనమ్మలు బూడిదతో గిన్నెలు తోమలేదా, వాళ్లకు లేని సుకుమారం మనకెందుకు అనేవాళ్లూ ఉన్నారు. కట్టెల బూడిద క్షారగుణంలో సబ్బుకు తక్కువేం కాదు. వాళ్ల చేతులు పగల్లేదని కాదు, పగిలాయని ఎవరూ రాయలేదు. సుకుమారం మాట ఎత్తేవాళ్లు ఎప్పుడైనా వారం రోజులు అంట్లు తోమారా అని అడగాలనిపిస్తుంది. రెండు చేతులకే కేటాయించిన తడిపని నాలుగు చేతులు పంచుకుంటే, ఏ క్రీమూ ఇవ్వలేని విశ్రాంతి చర్మానికి దొరుకుతుంది. పంచుకునే దారి లేనివాళ్లకు రబ్బరు గ్లౌజులు ఉన్నాయి. లోపల పలుచటి నూలు గ్లౌజు వేసుకుంటే చెమటకు నానవు. గంటల తరబడి వేసుకుంటే మాత్రం లోపలి చెమటే మరో తడిపని అవుతుంది. పనిమనిషికి ఆ జత కొనిపెట్టడం జీతంతో పోలిస్తే లెక్కలోకి రాని ఖర్చు. ఫలితం కోసం తొందరపడకూడదు. చర్మం రెండు మూడు వారాల్లో తేరుకుంటుంది. గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది, చలికాలంలో అదీ తగ్గుతుంది. చీలిన కొస అతుక్కోదు, కత్తిరించడమే. ఇవాళ గోటి మొదట్లో మొలిచే భాగం కొసకు చేరేసరికి ఎండాకాలం వచ్చేస్తుంది.