టేపుతో చెట్టును తూచే లెక్క

చెట్టు బరువు కచ్చితంగా తెలియాలంటే ఒక్కటే దారి. దాన్ని నరకాలి. మాను, కొమ్మలు, రెమ్మలు, ఆకులు విడదీసి ఒక్కొక్కటే కాటాకు ఎక్కించాలి. పచ్చి కర్రలో నీరు చాలా ఉంటుంది. అందుకని కొన్ని ముక్కలను ఓవెన్‌లో పెట్టి, బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టాలి. నీరంతా పోయాక మిగిలేదే బయోమాస్ (చెట్టు ఒంట్లోని పదార్థపు పొడి బరువు).

ఒక చెట్టుకు ఈ పని చేయవచ్చు. నల్లమల అడవి బరువు తెలుసుకోవడానికి నల్లమలను నరకలేం. అందుకే అటవీ శాస్త్రం మరో దారి పట్టింది. కొన్ని చెట్లను ఒక్కసారి నరికి తూచి, వాటి కొలతలకూ బరువుకూ ఉన్న సంబంధాన్ని పట్టుకుంది. ఆ సంబంధం ఆధారంగా మిగిలిన చెట్లను నిలబెట్టే తూస్తోంది. ఇందుకు కావలసిన ముఖ్యమైన పనిముట్టు ఒక టేపు.

ఇప్పుడు ఈ లెక్క ఎందుకు?

ఎండిన కర్రలో దాదాపు సగం కర్బనం. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను ఆకు పీల్చుకుంటేనే అది కర్రగా మారింది. కాబట్టి అడవి బరువు తెలిస్తే, అది గాలి నుంచి ఎంత కర్బనాన్ని తీసి దాచిందో తెలుస్తుంది. 2030 నాటికి అడవులు, చెట్ల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన కర్బనాన్ని నిల్వ చేస్తామని 2015లో భారత్ ప్రపంచానికి మాట ఇచ్చింది. మాట నిలిచిందో లేదో తేల్చడానికి కొలత కావాలి. చెట్లు పెంచే రైతుకు కార్బన్ క్రెడిట్ (దాచిన కర్బనానికి ఇచ్చే, అమ్ముకోదగిన ధ్రువపత్రం) రావాలన్నా ముందు ఈ లెక్కే తేలాలి.

మరో కారణం ఆకాశంలో ఉంది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఇస్రో, నాసాల ఉమ్మడి ఉపగ్రహం నిసార్ కక్ష్యలోకి వెళ్లింది. అది రాడార్ తరంగాలతో అడవులనూ గమనిస్తుంది. అయితే రాడార్‌కు తెలిసేది ముఖ్యంగా తిరిగొచ్చిన తరంగం బలమే, చెట్ల బరువు కాదు. ఎంత బలానికి హెక్టారుకు ఎన్ని టన్నులని అర్థం చెప్పుకోవాలో నేల మీద చెట్లను కొలిచినవారే చెప్పాలి.

మూడు కొలతలు

మొదటిది లావు. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే నాలుగున్నర అడుగుల దగ్గర, మాను చుట్టూ టేపు తిప్పి చుట్టుకొలత తీస్తారు. ఈ ఎత్తునే ఛాతీ ఎత్తు అంటారు. చాలా దేశాల్లో ఇది 1.3 మీటర్లు. మొదలు దగ్గర వేళ్ల వల్ల మాను ఉబ్బి ఉంటుంది కాబట్టి అక్కడ కొలవరు. పైగా ఛాతీ ఎత్తున అయితే వంగకుండా, నిచ్చెన వేయకుండా కొలవవచ్చు. చుట్టుకొలతను 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది.

రెండోది ఎత్తు. ఒంటరి చెట్టయితే నీడ చాలు. మీటరు కర్రను నిటారుగా పాతితే దాని నీడ 80 సెంటీమీటర్లు పడిందనుకుందాం. అదే సమయానికి చదును నేల మీద చెట్టు నీడ 12 మీటర్లుంటే, 12ను 0.8తో భాగించాలి. చెట్టు ఎత్తు 15 మీటర్లు. గుబురు అడవిలో నీడలు కలిసిపోతాయి. అక్కడ క్లైనోమీటర్ (చూపు కోణాన్ని కొలిచే చిన్న పరికరం) వాడతారు. చెట్టు కొన 45 డిగ్రీల కోణంలో కనిపించేదాకా వెనక్కి నడుస్తారు. చెట్టుకూ మనకూ మధ్య దూరానికి మన కంటి ఎత్తు కలిపితే చెట్టు ఎత్తు వస్తుంది.

మూడోది కర్ర సాంద్రత. ఇది చెట్టు జాతిని బట్టి ఉంటుంది. నీటి సాంద్రత 1 అనుకుంటే టేకుది సుమారు 0.6, బూరుగుది సుమారు 0.3. శేషాచలం కొండల ఎర్రచందనం చేవ నీళ్లలో వేస్తే మునుగుతుంది. చేవ ఉన్న కర్ర, లేని కర్ర అని వడ్రంగి చేతితో తూచి చెప్పేదాన్నే ఇక్కడ అంకెగా రాస్తారు. దీన్ని అడవిలో కొలవనక్కర్లేదు. చెట్టు పేరు సరిగ్గా గుర్తుపడితే పట్టికలో దొరుకుతుంది. అంటే చెట్టు పేరు తెలిసిన మనిషి జ్ఞానం కూడా ఈ లెక్కలో ఒక కొలతే.

ఒక చెట్టు లెక్క

15 మీటర్ల టేకు చెట్టును తీసుకుందాం. చుట్టుకొలత 94 సెంటీమీటర్లు, అంటే వ్యాసం సుమారు 30. ఈ మాను మొదలు నుంచి కొనదాకా ఒకే లావున్న స్తంభమైతే దాని పొడి బరువు 636 కిలోలు ఉండాలి. కానీ చెట్టు పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఆ లోటును కొమ్మలు, ఆకులు కొంత పూడుస్తాయి. ఎంత లోటు, ఎంత పూడిక అన్నది ఊహించి చెప్పలేం. నరికి తూచిన చెట్లే చెప్పాలి.

ఆ పని చాలా దేశాల్లో జరిగింది. ఫ్రాన్స్ శాస్త్రవేత్త జెరోమ్ షావ్ బృందం 2014లో ఆ లెక్కలన్నీ ఒకచోట చేర్చింది. ఉష్ణమండలంలోని 58 చోట్ల నరికి తూచిన 4,004 చెట్ల వివరాలవి. వాటి నుంచి ఒక అల్లోమెట్రిక్ సమీకరణం (ఒక భాగం కొలతను బట్టి మొత్తం పరిమాణాన్ని చెప్పే సూత్రం) తయారైంది. సాంద్రతను, సెంటీమీటర్లలో వ్యాసపు వర్గాన్ని, మీటర్లలో ఎత్తును గుణించాలి. వచ్చినదాన్ని 0.976 ఘాతానికి పెంచి, 0.0673తో గుణించాలి. నేల పైనున్న చెట్టు పొడి బరువు కిలోల్లో వస్తుంది.

మన టేకుకు 0.6, 900, 15లను గుణిస్తే 8,100. సూత్రంలో పెడితే సుమారు 439 కిలోలు. ఇందులో కర్బనం 47 శాతమని లెక్కిస్తే 206 కిలోలు. ఆ కర్బనం గాలి నుంచి వచ్చినప్పుడు కార్బన్ డయాక్సైడ్ రూపంలో 757 కిలోలు. ఇవే కొలతలున్న బూరుగు చెట్టు బరువు మాత్రం 223 కిలోలే. కంటికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. చేవ తేడా లెక్కలో తేలుతుంది.

ఈ సూత్రం అన్నిటికీ పనికిరాదు. తాటి, కొబ్బరి చెట్లు పొడవు పెరుగుతాయి కానీ వయసుతో లావెక్కవు. వెదురు లోపల బోలు. వీటికి వేరే సూత్రాలున్నాయి. అలాగే మన ప్రాంతపు చెట్ల మీద తయారైన సూత్రం దొరికితే, ప్రపంచ సూత్రం కన్నా అదే మేలు.

చెట్టు నుంచి అడవికి

అడవిలో ప్రతి చెట్టునూ కొలవరు. అక్కడక్కడా ప్లాట్లు గీస్తారు. మన దేశంలో ఈ పని చేసే ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా చాలాకాలం వాడిన ప్లాటు 0.1 హెక్టారు, అంటే దాదాపు 31.6 మీటర్ల భుజమున్న చదరం. అందులోని చెట్ల బరువులన్నీ కూడి పదితో గుణిస్తే హెక్టారుకు ఎన్ని టన్నులో తెలుస్తుంది. వేళ్ల బరువు కోసం కొంత శాతం కలుపుతారు. రాలిన ఆకు, ఎండి పడిన కర్ర, నేలలో కలిసిన కర్బనం వేరుగా లెక్కిస్తారు. మన అడవుల కర్బనంలో సగానికి పైగా నేలలోనే ఉంది. చెట్టు లెక్క అడవి లెక్కలో ఒక భాగం మాత్రమే అన్నది మరవకూడదు.

ఎక్కడ తప్పుతుంది?

తప్పులు రెండు రకాలు. మొదటి రకం అటూ ఇటూ పోతుంది. ఒక్క చెట్టు విషయంలో ఈ సూత్రం మూడో వంతు, ఒక్కోసారి అంతకు మించి కూడా తప్పవచ్చు. ఒక మాను లోపల తొర్ర ఉంటుంది, ఇంకోదానికి కొమ్మలు దట్టంగా ఉంటాయి. వందల చెట్లను కూడితే ఎక్కువలు తక్కువలు చాలావరకు సరిపోతాయి.

రెండో రకం ఎప్పుడూ ఒకవైపే లాగుతుంది. టేపు వదులుగా పట్టడం, కింద ఉబ్బు మీద కొలవడం, మానుకు పాకిన తీగను కలిపి చుట్టడం లాంటివి. వీటిని ఎన్ని చెట్లు కూడినా సరిచేయలేం. పైగా వ్యాసాన్ని వర్గం చేస్తున్నాం కాబట్టి పొరపాటు దాదాపు రెట్టింపవుతుంది. 94కు బదులు 97 సెంటీమీటర్లని రాస్తే చుట్టుకొలతలో తప్పు 3 శాతం, బరువులో 6 శాతం. ఇక ప్లాటు గీత మీదున్న పెద్ద చెట్టును లోపల కలిపారా, వదిలేశారా అన్నది హెక్టారు లెక్కకు వచ్చేసరికి పదింతలవుతుంది.

అందుకే కొలత నియమాలు అంత పట్టుదలగా ఉంటాయి. వాలు నేల మీద ఎగువ వైపు నిలబడి ఛాతీ ఎత్తు చూడాలి. ఒరిగిన చెట్టుకు మాను వెంబడే 1.37 మీటర్లు కొలవాలి. ఛాతీ ఎత్తుకు కిందే చీలితే రెండు చెట్లుగా రాయాలి. వీటిలో పెద్ద చదువు అక్కర్లేనిదే ఎక్కువ. ఉత్తరాఖండ్‌లోని వన పంచాయతీల్లో గ్రామస్థులు శిక్షణ తీసుకుని తమ అడవి కర్బనాన్ని తామే కొలిచారు. మన వన సంరక్షణ సమితుల సభ్యులకూ ఇది చేతనయ్యే పనే. చెట్టు పేరు, చోటు వాళ్లకు ముందే తెలుసు. ఆ లెక్క మీద డబ్బు ఆధారపడినప్పుడు, ఆ అంకె ఎలా వచ్చిందో తెలియడం వాళ్ల హక్కు కూడా.

అడవిలో కొన్ని మానుల మీద ఛాతీ ఎత్తున పెయింటు గీత కనిపిస్తుంది. కొన్నేళ్ల తర్వాత వచ్చేవారు సరిగ్గా అదే చోట టేపు చుట్టాలని వేసిన గుర్తు అది. ఎండుటడవుల్లో మాను వ్యాసం ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. టేపు గీత దాటి కిందికి జారి 3 సెంటీమీటర్లు ఎక్కువ చూపితే, చెట్టు పెరగని కొన్నేళ్ల పెరుగుదల కాగితం మీద పుడుతుంది. పైకి జారితే నిజంగా పెరిగినదే మాయమవుతుంది. ఆ గీతను గౌరవించి కొలిచినప్పుడే అప్పటి అంకెకూ ఇప్పటి అంకెకూ మధ్య తేడాను చెట్టు పెరుగుదల అని నమ్మవచ్చు.