162వ రాత్రి: అభిమాని మెదడులో ఏం జరిగింది?

2011 సెప్టెంబర్ 28. అమెరికాలోని బాల్టిమోర్ నగరం, కామ్డెన్ యార్డ్స్ మైదానం. వాన వల్ల దాదాపు గంటన్నర ఆగి మళ్లీ మొదలైన బేస్‌బాల్ ఆట అర్ధరాత్రికి చేరింది. బోస్టన్ రెడ్‌సాక్స్ 3–2తో ముందుంది. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్. బాల్టిమోర్ జట్టులో ఇద్దరు అవుటయ్యారు. బేస్‌ల మీద ఎవరూ లేరు. రెడ్‌సాక్స్ పిచర్ జొనాథన్ పాపెల్‌బాన్ ఇంకొక్కరిని అవుట్ చేస్తే చాలు. ఆ ఏడాది ఎనిమిది ఇన్నింగ్స్ అయ్యేసరికి ముందున్న 77 ఆటల్లో రెడ్‌సాక్స్ ఒక్కటి కూడా ఓడలేదు.

క్రిస్ డేవిస్ డబుల్ కొట్టి రెండో బేస్ చేరాడు. తర్వాత వచ్చిన నోలన్ రైమోల్డ్ మీద రెండు స్ట్రయిక్‌లు పడ్డాయి. మూడోది పడితే ఆట అయిపోయినట్టే. అతనూ డబుల్ కొట్టాడు, స్కోరు సమమైంది. రాబర్ట్ ఆండినో కొట్టిన బంతి ఎడమవైపు తక్కువ ఎత్తులో వెళ్లింది. కార్ల్ క్రాఫర్డ్ ముందుకు పరుగెత్తి, గడ్డి మీద జారుతూ చెయ్యి చాపాడు. బంతి గ్లవ్‌కి తగిలి నేలపాలైంది. రెడ్‌సాక్స్ 4–3తో ఓడింది.

మూడు నిమిషాలు గడిచాయో లేదో, ఫ్లోరిడాలో టాంపాబే రేస్ జట్టు ఆటగాడు ఇవాన్ లాంగోరియా పన్నెండో ఇన్నింగ్స్‌లో హోమ్‌రన్ కొట్టాడు. రేస్ ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. రెడ్‌సాక్స్ ఇంటిదారి పట్టింది.

నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయిన ఆ మూడు నిమిషాల్లో బోస్టన్ ఇళ్లలో టీవీల ముందు కూర్చున్నవాళ్లకి గుండె దడదడలాడింది, అరచేతులు చెమర్చాయి, నోరు ఎండిపోయింది. వాళ్లెవరూ ఆట ఆడలేదు. వాళ్ల జీతంలో రూపాయి తగ్గలేదు. అయినా ఒళ్లంతా యుద్ధభూమిలో ఉన్నట్టే స్పందించింది. ఎందుకు?

రోజూ వేసుకునే లెక్క

ముందు ఈ పోటీ తీరు తెలియాలి. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక్కో జట్టు వసంతం మొదలు సెప్టెంబర్ చివరిదాకా 162 ఆటలు ఆడుతుంది. దాదాపు రోజుకొకటి. ఆరు నెలలపాటు అభిమాని జీవితంలో ఆట రాత్రి భోజనంలా కలిసిపోతుంది. అప్పటి పద్ధతిలో ఒక్కో లీగ్ నుంచి మూడు విభాగాల విజేతలు, వాళ్లతోపాటు ‘వైల్డ్‌కార్డ్’ పేరుతో మరొక్క జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్లేవి. ఆ ఒక్క చోటు కోసమే రెడ్‌సాక్స్, రేస్ పోటీపడ్డాయి.

సెప్టెంబర్ మొదటివారంలో రెడ్‌సాక్స్ తొమ్మిది ఆటల ఆధిక్యంలో ఉంది. కానీ ఆ నెలంతా కలిపి 7 గెలిచి 20 ఓడింది. చివరిరోజుకి రెండు జట్లూ సరిగ్గా 90 గెలుపులు, 71 ఓటముల దగ్గర నిలిచాయి.

ఇలాంటి నెలలో అభిమానులు లేవగానే చూసుకునే అంకె ఒకటుంది. దాన్ని ‘మేజిక్ నంబర్’ అంటారు. 163లోంచి మన జట్టు గెలుపుల్నీ, వెనకున్న జట్టు ఓటముల్నీ తీసేస్తే అది వస్తుంది. మనవాళ్లు 90 గెలిచి, వెనకున్నవాళ్లు 70 ఓడి ఉంటే మేజిక్ నంబర్ 3. మనం ఒకటి గెలిచినా, వాళ్లు ఒకటి ఓడినా ఒక్కటి తగ్గుతుంది. సున్నా అయితే చోటు ఖాయం.

ఈ లెక్కలోనే అభిమాని కష్టమంతా ఉంది. తన జట్టు ఆట ఒక్కటే చూస్తే సరిపోదు, వెయ్యి మైళ్ల అవతల ఇంకెవరో ఆడే ఆట మీదా ప్రాణం పెట్టుకోవాలి. మనకిది తెలియనిదేం కాదు. 2019 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ తన లీగ్ ఆటలన్నీ ముగించి 12 పాయింట్లతో కూర్చుంది. మర్నాడు ముంబై చేతిలో కోల్‌కతా ఓడాకే నెట్ రన్‌రేట్ పుణ్యమా అని ప్లేఆఫ్స్ చోటు దక్కింది. ఆ రోజు హైదరాబాద్ అభిమానులు తమ జట్టు ఆడని ఆటని గుండె గుప్పిట్లో పెట్టుకుని చూశారు. బోస్టన్ అభిమాని సెప్టెంబరంతా అలాగే బతికాడు.

సగం సగం ఆశ

మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉంది. దాన్ని ‘ఆనంద రసాయనం’ అనేస్తుంటారు గానీ, దాని అసలు పని అంతకంటే సూక్ష్మమైనది. వుల్‌ఫ్రామ్ షుల్జ్ అనే శాస్త్రవేత్త కోతుల నోట్లో పండ్లరసం చుక్కలు వేస్తూ, వాటి మెదడులోని డోపమైన్ కణాల్ని గమనించాడు. అనుకోకుండా రసం వస్తే కణాలు ఒక్కసారిగా ఉత్తేజితమయ్యాయి. దీపం వెలిగాక రసం వస్తుందని కోతికి అలవాటయ్యాక ఆ ఉత్తేజం దీపం వెలిగినప్పుడే వచ్చింది, రసం అందినప్పుడు రాలేదు. దీపం వెలిగీ రసం రాకపోతే? మామూలు స్థాయికంటే కిందికి పడిపోయింది. అంటే ఈ కణాలు అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య తేడాని కొలుస్తున్నాయి.

పాపెల్‌బాన్ చేతిలో బంతి ఉండి, ఇద్దరు అవుటైన క్షణం అభిమాని మెదడుకి వెలిగిన దీపం లాంటిది. 77 ఆటల అనుభవం ‘రసం వచ్చేసినట్టే’ అని చెప్పింది. అందుకే ఆ ఓటమి మామూలు ఓటమిలా తగల్లేదు. మొదటి ఇన్నింగ్స్ నుంచీ వెనకబడి ఓడితే మనసు మెట్టుమెట్టుగా దిగుతుంది. ఇక్కడ మేడ మీంచి తోసేసినట్టయింది.

2003లో షుల్జ్ బృందం మరో సంగతి బయటపెట్టింది. రసం వస్తుందో రాదో సగం సగంగా ఉన్నప్పుడు, ఆ ఎదురుచూపు కాలమంతా డోపమైన్ కణాల చురుకుదనం మెల్లగా పెరుగుతూ పోయింది. తప్పకుండా వస్తుందన్నప్పుడుగానీ, రానే రాదన్నప్పుడుగానీ అలా జరగలేదు. అనిశ్చితి శిఖరానికి చేరినచోటే ఎదురుచూపూ శిఖరానికి చేరింది. చివరిరోజున సమానంగా నిలిచిన రెండు జట్ల పోటీ ఇంతకంటే సగం సగంగా ఎలా ఉంటుంది?

బేస్‌బాల్ ఆట కట్టుబడి కూడా ఈ ఎదురుచూపుకి అనువుగా ఉంటుంది. పిచర్‌కీ బ్యాటర్ నిలబడే చోటుకీ మధ్య దూరం దాదాపు 18 మీటర్లు. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి అర సెకనులోపే దాన్ని దాటేస్తుంది. ఆ అర సెకను కోసం అప్పట్లో అభిమాని ఇరవై, ముప్పై సెకన్లు ఊపిరి బిగబట్టాల్సి వచ్చేది. బంతి విసిరాక మళ్లీ అంత వ్యవధి. ఫుట్‌బాల్‌లోలా గడియారం వచ్చి ఆట ఆపదు. ఇరవై ఏడో అవుట్ పడేదాకా ఏదీ ఖాయం కాదు. ఆశ చావదు, భయమూ చావదు.

మనం, వాళ్లు

1976లో మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చియాల్దీని బృందం అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఒక చిన్న విషయాన్ని లెక్కపెట్టింది. తమ ఫుట్‌బాల్ జట్టు శనివారం గెలిస్తే, సోమవారం కాలేజీ పేరున్న చొక్కాలు వేసుకొచ్చే విద్యార్థులు పెరిగారు. మాటలోనూ తేడా వచ్చింది. గెలిస్తే ‘మనం గెలిచాం’, ఓడితే ‘వాళ్లు ఓడారు’. మన క్రికెట్ అభిమాని నోట రోజూ వినే మాటలే ఇవి.

నికరమైన అభిమానికి మాత్రం ఈ రెండోమాట నోట రాదు. అతనికి ఓటమి కూడా ‘మనదే’. జట్టుతో తనని ఎంతగా ముడివేసుకున్నాడన్నదాన్ని బట్టే బాధ లోతు ఉంటుంది.

ఈ ముడి మెదడులో ఎలా కనిపిస్తుందో మీనా చికారా, మాథ్యూ బాట్వినిక్, సుసాన్ ఫిస్క్ ఎమ్మారై స్కానింగ్‌తో పరిశీలించారు. వాళ్లు ఎంచుకున్నది రెడ్‌సాక్స్ అభిమానుల్నీ, దాని బద్ధశత్రువైన న్యూయార్క్ యాంకీస్ అభిమానుల్నీ. ఫలితాలు అచ్చయింది కూడా ఆ 2011లోనే. తమ జట్టు నెగ్గినా, శత్రుజట్టు దెబ్బతిన్నా వెంట్రల్ స్ట్రయేటమ్ అనే భాగం చురుకైంది. ప్రతిఫలం, సంతోషం తెలిసే చోటు అది. తమ జట్టు దెబ్బతిన్నా, శత్రుజట్టు నెగ్గినా, నొప్పితో సంబంధమున్న యాంటీరియర్ సింగ్యులేట్, ఇన్సులా అనే భాగాలు స్పందించాయి. యాంకీస్ మూడో జట్టు చేతిలో దెబ్బతిన్నా రెడ్‌సాక్స్ అభిమానికి సంతోషమే కలిగింది.

ఇప్పుడు ఆ రాత్రికి వద్దాం. ఫ్లోరిడాలో రేస్‌తో ఆడుతున్న జట్టు మరేదో కాదు, యాంకీసే. రేస్ ఓడితే రెడ్‌సాక్స్ అవకాశం నిలుస్తుంది. అంటే జీవితమంతా యాంకీస్ ఓటమికి మొక్కిన అభిమాని ఆ ఒక్కరాత్రి యాంకీస్ గెలవాలని మొక్కాల్సి వచ్చింది. యాంకీస్ 7–0తో ముందుకెళ్తే ఊపిరి పీల్చుకున్నాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రేస్ ఆరు పరుగులు చేసింది. తొమ్మిదిలో, ఇద్దరు అవుటై, రెండు స్ట్రయిక్‌లు పడ్డాక, ఆ ఏడాదంతా బంతి తగలక అల్లాడిన డాన్ జాన్సన్ హోమ్‌రన్ కొట్టి సమం చేశాడు. ద్వేషించే జట్టు మీద ఆశ పెట్టుకోవడం, ఆ ఆశా కూలడం. లోపల రెండు పాత అలవాట్లు పోట్లాడుకుంటుంటే ఆ మనిషి సోఫాలో ఎంత నలిగి ఉంటాడో ఊహించండి.

తిరగేసిన టోపీ

ఆట చేయిదాటుతున్నప్పుడు అమెరికా అభిమానులు టోపీని లోపలివైపు పైకి తిప్పి పెట్టుకుంటారు. ‘ర్యాలీ క్యాప్’ అంటారు దాన్ని. మన ఇళ్లలో ‘కదలకు, నువ్వు లేస్తే వికెట్ పడుతుంది’ అంటాం కదా, అదే ఇది.

ఒకప్పుడు చిన్న లీగుల్లో బేస్‌బాల్ ఆడి, తర్వాత మానవశాస్త్రవేత్త అయిన జార్జ్ గ్మెల్చ్ 1971లో దీనిమీద ఒక వ్యాసం రాశాడు. ట్రోబ్రియాండ్ దీవుల జాలరులు ప్రశాంతమైన మడుగులో చేపలు పట్టేటప్పుడు మంత్రతంత్రాల జోలికి పోరనీ, ప్రమాదమున్న నడిసంద్రానికి వెళ్లేటప్పుడే చేస్తారనీ మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త అంతకుముందే గమనించాడు. బేస్‌బాల్ ఆటగాళ్లలోనూ గ్మెల్చ్‌కి అదే కనిపించింది. దాదాపు ప్రతి బంతీ చేతికి చిక్కే ఫీల్డింగ్‌కి ఆచారాలు తక్కువ. అదృష్టం పాలు ఎక్కువున్న పిచింగ్‌కీ బ్యాటింగ్‌కీ ఎక్కువ. మరి ఆటలో ఏ పాత్రా లేని అభిమాని పూర్తిగా నడిసంద్రంలోనే ఉన్నాడు. అతని చేతిలో ఉన్నది ఆ టోపీ ఒక్కటే. దాన్ని వెర్రి అని కొట్టిపారేయడం నాకు సరికాదనిపిస్తుంది. ఏమీ చేయలేని మనసు తనకు తాను వెతుక్కున్న ఊతకర్ర అది.

గుండె మీద భారం

అభిమానం మనసు దగ్గరే ఆగిపోదు, రక్తంలోకీ దిగుతుంది. 1994 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ చూసిన అభిమానుల లాలాజలాన్ని పాల్ బెర్న్‌హార్ట్ బృందం పరీక్షించింది. గెలిచిన బ్రెజిల్ అభిమానుల్లో టెస్టోస్టిరాన్ పెరిగింది, ఓడిన ఇటలీ అభిమానుల్లో తగ్గింది. 2010 ప్రపంచకప్ ఫైనల్ చూసిన స్పెయిన్ అభిమానుల్లో, మామూలు రోజుకంటే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ ఎక్కువగా కనిపించింది.

2006 ప్రపంచకప్ సమయంలో జర్మనీలోని మ్యూనిక్ ప్రాంతంలో జరిగిన అధ్యయనం మరీ ముఖ్యమైనది. జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో గుండె సంబంధిత అత్యవసర కేసులు మామూలు రోజులకంటే 2.66 రెట్లు నమోదయ్యాయి. ఆట మొదలైన తొలి రెండు గంటల్లోనే అవి ఎక్కువ. అప్పటికే గుండెజబ్బు ఉన్నవాళ్లకి ముప్పు మరీ ఎక్కువ. ఇది బేస్‌బాల్‌కైనా క్రికెట్‌కైనా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. ఇంట్లో గుండెజబ్బున్న పెద్దలుంటే ఉత్కంఠ ఆట ఉన్నరోజు మందులు వేళకి వేసుకున్నారో లేదో చూడండి. ఛాతీలో నొప్పి అంటే ‘ఆట అయ్యాక చూద్దాం’ అనకండి.

బాధ ఎన్నాళ్లు?

పోగొట్టుకున్న వంద రూపాయల బాధ, దొరికిన వంద రూపాయల సంతోషానికి సుమారు రెట్టింపు బరువు తూగుతుందని డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీల పరిశోధన చెబుతుంది. తొమ్మిది ఆటల ఆధిక్యాన్ని అభిమాని అప్పటికే తన ఆస్తిలో జమ వేసుకున్నాడు. అందుకే అది పోతే అంత నొప్పి. ఎప్పుడూ మూడోస్థానంలో ఉన్న జట్టు ఓడితే అంత ఉండదు.

కానీ మనసుకి ఒక మేలూ ఉంది. 2000లో టిమోతీ విల్సన్, డేనియల్ గిల్బర్ట్ బృందం ఫుట్‌బాల్ అభిమానులైన విద్యార్థుల్ని, ఆట ఫలితం తమ సంతోషాన్ని ఎన్నాళ్లు ప్రభావితం చేస్తుందో ముందే ఊహించమంది. వాళ్లు ఊహించినన్నాళ్లు ఆ ప్రభావం నిలవలేదు. తెల్లారితే ఉద్యోగం, పిల్లల చదువు, స్నేహితుల పలకరింపు ఉంటాయి. ఓటమి వాటి మధ్య ఒక మూలకి సర్దుకుంటుంది.

అభిమాని ఆరునెలలపాటు ఒక ఊరితో, పక్కింటివాళ్లతో, తండ్రితో, కూతురితో కలిసి ఒకే ఆశని మోశాడు. ఆ కలిసి మోయడమే అభిమానానికి అసలు ఫలం అని నేను నమ్ముతాను. నొప్పి దానికి చెల్లించే వెల. ‘ఆటేగా, పోతే పోయింది’ అనేవాళ్లకి వెల కనిపిస్తుంది, ఫలం కనిపించదు.

2012లో రెడ్‌సాక్స్ 93 ఆటలు ఓడింది. అభిమానులు జట్టుని వదల్లేదు. 2013 అక్టోబర్ 30న రెడ్‌సాక్స్ వరల్డ్ సిరీస్ గెలిచింది. బోస్టన్‌లోని సొంత మైదానం ఫెన్‌వే పార్కులో ఆ విజయం దక్కడం 1918 తర్వాత అదే మొదటిసారి.